మసాలా ఆపిల్ లిక్యూర్ ఇంట్లో ఎలా చేయాలి?

డిసెంబర్ 31 రాత్రికి స్నేహితులంతా ఇంటికొస్తున్నారని ఉత్సాహంగా ఆపిల్ లిక్యూర్, అంటే పండు నానబెట్టిన తియ్యటి మందు, పెట్టేవాళ్లను చాలామందినే చూశాను. అందులో సగం మంది చేసింది ఒక గుక్క తాగితే నాలుక మొద్దుబారిపోతుంది, పంటినొప్పికి పెట్టుకునే లవంగనూనె గుర్తొస్తుంది. తప్పు ఆపిల్‌ది కాదు, వోడ్కాది కాదు. మసాలా వేసి మర్చిపోవడమే తప్పు. మిగతా పనంతా ఎవరైనా చేస్తారు కాబట్టి దాన్ని త్వరగా ముగించి అసలు సంగతికి వస్తాను.

ముందు ఒక మాట. ఇందులో ఏదీ కాచేది లేదు, పులియబెట్టేది లేదు. వైన్ షాపులో కొన్న సీలు బాటిల్‌లోని మందులో పండు, మసాలా నానబెట్టడమే. ఇంట్లో బట్టీ పెట్టడం నేరం. ఎవరో తెచ్చిన నాటుసారాలో ఆపిల్ ముక్కలు వేస్తే సరిపోదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. సరిపోదు. అందులో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ ఉందో లేదో రుచి చూసి ఎవరూ చెప్పలేరు, పండు వేసి నానబెట్టినంత మాత్రాన అది పోదు.

ఏమేం కావాలంటే: వోడ్కా ఫుల్ బాటిల్ ఒకటి (750 మి.లీ.), గింజలు తీశాక అరకిలో తూగే ఆపిల్ ముక్కలు, 200 గ్రాముల పటికబెల్లం, రెండంగుళాల దాల్చినచెక్క, మూడు లవంగాలు, రెండు యాలకులు, అనాసపువ్వులో ఒక్క రెక్క. పువ్వు మొత్తం కాదు, రెక్క. రెండు లీటర్ల గాజు సీసా, పల్చటి తెల్ల నూలు గుడ్డ, దారం. ఊరగాయ జాడీ వాడొద్దు, ఎంత కడిగినా ఆవపిండి వాసన ఎక్కడో ఉంటుంది. ప్లాస్టిక్ డబ్బా అసలే వద్దు.

వోడ్కా ఎందుకు, బ్రాందీ వేస్తే రంగు బాగుంటుంది కదా అంటారు. రంగు బాగుంటుంది, నిజమే. కానీ మన షాపుల్లో దొరికే మామూలు బ్రాందీలో కారమెల్, ఎసెన్స్ ముందే ఉంటాయి. వాటి మధ్య ఆపిల్ గొంతు వినపడదు. వోడ్కాకి తనదంటూ రుచి పెద్దగా లేకపోవడమే మనకు కావలసింది. ఖరీదైనది కూడా అక్కర్లేదు. లేబుల్ మీద 42.8 శాతం అని ఉందో లేదో చూసుకుంటే చాలు.

ఇంకో ప్రశ్న కూడా వస్తుంది: చీనీకాయలు, దానిమ్మలు పండే అనంతపురంలో కూర్చుని కాశ్మీర్ ఆపిల్ ఎందుకు అని. చీనీతో చేసి చూడండి, మీకే తెలుస్తుంది. తొనల మీది తెల్ల పొర నానేకొద్దీ చేదు దిగుతుంది. మొదటి రోజు తియ్యగా ఉన్నది వారానికి కషాయమవుతుంది. దానిమ్మ బాగానే వస్తుంది కానీ దాని వగరు దాల్చినచెక్కతో పోట్లాడుతుంది. మసాలాకి సర్దుకుపోయే పండు ఆపిలే.

సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా కొత్త కాశ్మీర్ కాయ దిగుతుంది. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర బండ్ల మీద దొరికే మచ్చలున్న చిన్న కాయే మంచిది. అద్దంలా మెరిసే ఇంపోర్టెడ్ కాయ మీద మైనం పూత ఉంటుంది, అదే కొంటే గోరువెచ్చని నీళ్లలో వేసి గుడ్డతో గట్టిగా రుద్దండి. పుల్లదనం కోసం ఒక గ్రీన్ ఆపిల్ కలపాలి. ఇది నా ఇష్టం అనుకోకండి, పులుపు లేకపోతే చివరికి మిగిలేది దగ్గుమందే.

తొక్క తీయొద్దు, వాసన అక్కడే ఉంది. గింజలూ, నడిమి గట్టి భాగమూ తీసేయండి. ముక్కలు కోసింది కోసినట్టే వోడ్కాలో వేస్తే నల్లబడవు. కాకపోతే ముక్కలు పైకి తేలతాయి, తేలినవి గోధుమరంగుకి తిరుగుతాయి. అందుకే సీసాను రోజుకోసారి మెల్లగా తిప్పాలి. సీసాను చీకటి అల్మారాలో పెట్టండి. పొయ్యి గట్టు మీద, ఎండ పడే కిటికీలో వద్దు.

ఇక మసాలా సంగతి.

చాలామంది చేసేది ఏమిటంటే, బిర్యానీకి తీసినట్టు గుప్పెడు తీసి, ఆపిల్‌తో పాటే సీసాలో పడేసి, మూడు వారాల తర్వాత మూత తీస్తారు. ఆపిల్‌కి రెండు వారాలు కావాలి. లవంగానికి ఒక్క రోజు చాలు. ఈ రెండింటినీ ఒకేసారి వేసి ఒకేసారి తీస్తే ఏదో ఒకటి చెడుతుంది, చెడేది ఎప్పుడూ రుచే. లవంగంలోని యూజినాల్ అనే నూనె నీళ్లలో సరిగ్గా కరగదు, ఆల్కహాల్‌లో మాత్రం ఇట్టే దిగుతుంది. కూరలో నాలుగు లవంగాలు వేసినా ఏమీ కాలేదు కదా అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు.

అందుకే ఆపిల్ ముక్కలు ఒంటరిగా పది రోజులు నానాలి. పదకొండో రోజు మసాలా వేయాలి, అదీ రెండు మూటలుగా. ఒక గుడ్డలో లవంగాలు, అనాసపువ్వు రెక్క. ఇంకో గుడ్డలో దాల్చినచెక్క, కాస్త చితక్కొట్టిన యాలకులు. ఒక్కోదానికి పొడవాటి దారం కట్టి సీసా మూతి బయటికి వదలండి. విడిగా వేస్తే ఆ ముక్కల మధ్య లవంగాన్ని వెతకలేరు. మూడు వేశాం, రెండే దొరికాయి అనే టెన్షన్ మీకొద్దు. పొడి మసాలా అయితే అసలు ఆలోచించకండి. దాల్చినచెక్క పొడి జిగురుగా మారి ఎన్నిసార్లు వడగట్టినా అడుగున బురదలా ఉంటుంది.

లవంగం మూటని డిసెంబర్ చలిలో 24 గంటల తర్వాత తీసేయాలి. ఇదే పని ఏప్రిల్‌లో, మన 40 డిగ్రీల్లో చేస్తే 12 గంటలకే చూడాలి. వేడికి నూనెలు త్వరగా దిగుతాయి. నెట్‌లో చలిదేశాల వాళ్లు రాసిన లెక్క చూసి వారం ఉంచితే మనకు పనికిరాదు. దాల్చినచెక్క మూట ఇంకో రోజు, మహా అయితే రెండు రోజులు ఉండొచ్చు.

ఎప్పుడు తీయాలో ముక్కు చెప్పదు, నాలుకే చెప్పాలి. ఆ నాలుకని కూడా సరిగ్గా అడగాలి. సీసాలోంచి నేరుగా చెంచాడు నోట్లో వేసుకుంటే ఆల్కహాల్ మంట తప్ప ఇంకేం తెలియదు. చెంచాడు లిక్యూర్‌కి చెంచాడు నీళ్లు, చిటికెడు చక్కెర కలిపి, అప్పుడు రుచి చూడండి. పొద్దున్నే, కాఫీకి ముందు చూడండి. ఎర్రకారం పూసిన దోసె తిని వచ్చి రుచి చూస్తే లవంగం చాల్లేదనిపిస్తుంది, ఇంకో రెండు వేస్తారు, అంతటితో సరి. సరైన గుర్తు ఇది: ముందు ఆపిల్ తెలియాలి, మింగాక వెనక నుంచి లవంగం తెలియాలి. ముందే లవంగం తెలిస్తే ఆలస్యమైనట్టే. "ఇంకాస్త ఉంటే బాగుండు" అనిపించే దగ్గరే ఆపేయండి.

ఎక్కువైతే ఏం చేయాలని అడుగుతారు. చక్కెర పోస్తే తగ్గదు, తియ్యటి లవంగం అవుతుంది. మసాలా వేయకుండా ఆపిల్ ఒక్కటే నానబెట్టిన ఇంకో సీసా తయారుచేసి దాంతో కలపాలి. వేరే దారి లేదు. అంటే ఇంకో ఫుల్ బాటిల్ ఖర్చు.

మూటలు రెండూ తీశాక ఒకట్రెండు రోజులు ఆగి వడగట్టండి. గుడ్డలో పోసి వదిలేయండి, పిండొద్దు. పిండితే పండు గుజ్జు దిగి మబ్బుగా తయారవుతుంది. తొందరగా అవుతుందని ఇంట్లో కాఫీ ఫిల్టర్‌లో పోయడం కూడా వద్దు, దాన్ని కాఫీకే ఉంచండి.

పటికబెల్లాన్ని 200 మి.లీ. నీళ్లలో వేడిచేసి కరిగించి, పూర్తిగా చల్లారాక కలపండి. వేడి పాకం పోస్తే వాసన ఆవిరైపోతుంది, పొయ్యి పక్కన ఆల్కహాల్ ఆవిరి ప్రమాదం కూడా. బెల్లం వద్దా అంటే వద్దు, దాని వాసన ఆపిల్‌ని కప్పేస్తుంది. పాకం సగం పోసి రుచి చూసి మిగతాది పోయండి. కలిపాక కనీసం వారం ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచితే తేరుకుంటుంది. పైన తేటని మెల్లగా వేరే సీసాలోకి వంచుకోవాలి. మొత్తం కలిపి నాలుగు వారాల పని, కాబట్టి డిసెంబర్ 31కి కావాలంటే నవంబర్ చివర్లో మొదలుపెట్టండి.

చివరికి బలం 20 శాతం అటూ ఇటూగా ఉంటుంది. పెద్ద పెగ్గు కొలతలో పోసే సరుకు కాదిది. చల్లగా, చిన్న గ్లాసులో 30 మి.లీ., భోజనం అయ్యాక. రాగిసంగటి, నాటుకోడి పులుసు తిన్నాక అయితే ఇంకా బాగుంటుంది. సోడా కలుపుతామంటే మీ ఇష్టం, నేనైతే కలపను. తియ్యగా ఉండేసరికి ఎంత తాగామో తెలియదు, బండి మీద వచ్చినవాళ్ల తాళాలు ముందే తీసి పెట్టుకోండి.

చూడ్డానికి ఆపిల్ జ్యూస్‌లాగే ఉంటుంది కాబట్టి సీసా మీద పెద్ద అక్షరాలతో రాసి, ఫ్రిజ్‌లో పిల్లలకి అందని అరలో పెట్టండి. వడగట్టగా మిగిలిన ముక్కల్లో కూడా మందు బాగా ఉంటుంది. ఐస్‌క్రీమ్ మీద వేసుకుంటే పెద్దవాళ్లకి బాగుంటాయి. అక్కర్లేకపోతే కవర్లో కట్టి చెత్తలో వేయండి, వీధిలో ఆవుకి పెట్టకండి.