స్క్వాట్‌లో రాడ్ ఎక్కడ ఆనాలి?

స్క్వాట్ అంటే బరువుల రాడ్‌ని మెడ వెనక, భుజాల మీద పెట్టుకుని గుంజిళ్లలా కూర్చుని లేవడం. అది చేస్తే మెడ నొప్పి పుడుతోందని రాడ్‌కి స్పాంజి తొడిగేవాళ్లు ప్రతి జిమ్‌లోనూ కనిపిస్తారు. తొడుగు వల్ల రాడ్ ఇంకాస్త పైకి లేస్తుంది, పైగా దొర్లుతుంది. అసలు తప్పు రాడ్ గట్టిదనంలో లేదు, అది ఆనిన చోటులో ఉంది. తల వంచి మెడ వెనక తడిమి చూడండి. పొడుచుకొచ్చిన ఎముక బొడిపె ఒకటి తగులుతుంది. రాడ్ ఎప్పుడూ దాని కిందే ఉండాలి.

రాడ్ పెట్టుకునే చోట్లు రెండు: హై బార్, లో బార్. హై బార్ అంటే ఆ బొడిపెకి కాస్త కింద, ట్రాప్స్ మీద, అంటే మెడ నుంచి భుజాలకి పరుచుకున్న కండ మీద. భుజం రెక్కలు రెండూ దగ్గరికి లాగితే ఆ కండ దిండులా ఉబ్బుతుంది. లో బార్‌లో రాడ్ ఇంకో రెండు మూడు అంగుళాలు దిగుతుంది. భుజం రెక్క మీద అడ్డంగా ఒక ఎముక గట్టు ఉంటుంది. దాని కిందుగా, భుజం వెనక కండ మీద ఆనుతుంది.

ఈ రెండు మూడు అంగుళాలే ఒంటి వాలు మొత్తాన్ని మార్చేస్తాయి. రాడ్ ఎక్కడున్నా, దిగేటప్పుడూ లేచేటప్పుడూ పాదం మధ్యభాగానికి సరిగ్గా పైనే ఉండాలి. అందుకే లో బార్‌లో ఒళ్లు ముందుకి ఎక్కువ వాలుతుంది, పిరుదులు వెనక్కి వెళ్తాయి, బరువు తుంటి మీద పడుతుంది. హై బార్‌లో ఛాతీ నిటారుగా ఉంటుంది, మోకాళ్లు ముందుకొస్తాయి, తొడల ముందుభాగం ఎక్కువ పనిచేస్తుంది. చాలామంది లో బార్‌లో కాస్త ఎక్కువ బరువు లేపగలరు. అయినా కొత్తవాళ్లు హై బార్‌తో మొదలుపెట్టడమే మేలు. భుజాలు బిగుసుకుపోయినవాళ్లు లో బార్ కోసం మొండిపట్టు పట్టొద్దు.

ర్యాక్, అంటే రాడ్ నిలిపే స్టాండ్, దాని కొక్కేలు ఛాతీ మధ్యకి ఉంచండి. లో బార్‌కి అవసరమైతే ఒక రంధ్రం దించండి, రాడ్ జారితే ఆపే పక్క కడ్డీలు (సేఫ్టీ పిన్నులు) కూడా. మునివేళ్ల మీద లేస్తే తప్ప రాడ్ బయటికి రాకపోతే కొక్కేలు ఎత్తు ఎక్కువైనట్టే. రాడ్‌ని రెండువైపులా సమానంగా పట్టుకుని, కిందికి దూరి, వీపు బిగించాక, చోటు కుదిరిందనిపించాకే లేవండి. రెండు మూడు అడుగులు వెనక్కి చాలు.

లో బార్‌లో మోచేతులు నొప్పి పెడుతున్నాయంటే బరువు చేతుల మీద మోస్తున్నారన్నమాట. చేతులు రాడ్ జారకుండా నొక్కి ఉంచాలంతే. మణికట్టు వెనక్కి మడవకుండా, బొటనవేలు రాడ్ పైనుంచి వేసి చూడండి. భుజం ముందువైపు నొప్పయితే పట్టు వెడల్పు చేయండి. మరీ వెడల్పైతే వీపు వదులై రాడ్ జారుతుంది. చెమటకి తడిసిన నున్నటి టీషర్టుతోనూ అంతే.

లో బార్ పెట్టుకుని హై బార్‌లా నిటారుగా దిగితే బరువు మడమల వెనక్కి లాగుతుంది, కాలివేళ్లు లేస్తాయి. హై బార్‌తో అతిగా వంగితే లేచేటప్పుడు పిరుదులు ముందు లేచి భారమంతా నడుము మీద పడుతుంది.

చోటు మార్చే రోజున పాత బరువు ఎత్తొద్దు. ఖాళీ రాడ్‌తో, అంటే మామూలుగా 20 కిలోలతో, ఐదేసి చొప్పున మూడు సెట్లు చేసి పక్కనుంచి వీడియో తీయించుకోండి. రాడ్ కొస పాదం మధ్యకి పైన నిట్టనిలువుగా కదలాలి. చేతుల్లోకి తిమ్మిరి పాకితే మాత్రం ఆ రోజుకి ఆపేయండి. మళ్లీ వస్తే డాక్టర్‌కి చూపించండి.