పెంకుటిల్లు పొరలు విడదీసే ముందు

శ్రీకాకుళం పల్లెల్లో కనిపించే పెంకుటింటికి రెవిట్‌లో (భవనాల 3డి మోడల్ గీసే సాఫ్ట్‌వేర్) ఎక్స్‌ప్లోడెడ్ వ్యూ, అంటే ఇంటి భాగాలను పొరలుగా విడదీసి చూపే బొమ్మ, తీసే ముందు చూసుకోవాల్సినవి:

• 3డి వ్యూని డూప్లికేట్ చేసి పేరు మార్చండి. కెమెరా వ్యూ వద్దు, అందులో దూరపు వాసం చిన్నదైపోతుంది.

• మూవ్ కమాండ్ ముట్టుకోవద్దు. దాంతో కప్పు లేపితే సెక్షన్లలోనూ (ఇంటిని నిలువుగా కోసి చూపే బొమ్మల్లో) గాల్లోనే తేలుతుంది. డిస్‌ప్లేస్ ఎలిమెంట్స్ కమాండ్ అయితే మార్పు ఆ ఒక్క వ్యూకే.

• ఒక వ్యూలో ఒక ఎలిమెంట్ (మోడల్‌లోని ఒక భాగం) ఒక్క సెట్‌లోనే (కలిపి జరిపే గుంపులోనే) ఉంటుంది. పెంకు, వాసాలు, దూలాలు, గోడలు ఏవి ఎందులోనో ముందే కాగితం మీద రాసుకోండి. చాలామంది తప్పేది ఇక్కడే: పెంకుని కప్పులో ఒక పొరగా గీసేస్తే అది విడిగా పైకి రాదు. క్రియేట్ పార్ట్స్ కమాండ్‌తో పొరలను విడగొట్టి, వ్యూ ప్రాపర్టీస్‌లో షో పార్ట్స్ పెట్టాలి.

• మౌస్‌తో ఉజ్జాయింపుగా లాగకండి. ప్రాపర్టీస్‌లో జెడ్ (పైకి జరిపే దూరం) విలువ కొట్టండి: వాసాలకు 1500 మి.మీ., పెంకుకి 3000.

• ట్యాగులు (భాగాల పేర్లు చూపే గుర్తులు) పెట్టే ముందు వ్యూ లాక్ చేయండి.