గెటిస్‌బర్గ్ పాత ఫొటోలు కొనే ముందు జాగ్రత్తలు

అమెరికా అంతర్యుద్ధంలో 1863 జులై 1–3 తేదీల్లో జరిగిన యుద్ధపు వార్షికోత్సవానికి పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్ వెళ్లి పాత ఫొటోలు కొనదలచినవారు ముందుగా వీటిని గమనించాలి.

ఫొటో అతికించిన అట్టపై ఉన్న స్టూడియో పేరును బట్టి కాలాన్ని నిర్ణయించవద్దు. గెటిస్‌బర్గ్ ఫొటోగ్రాఫర్లైన టైసన్ సోదరుల దగ్గర బాల్యంలోనే పని నేర్చుకున్న విలియం టిప్టన్, 1868లో భాగస్వామితో కలిసి వారి స్టూడియోను కొని, వారి పాత నెగెటివ్‌ల నుంచి ప్రింట్లు తీసి అమ్మాడు కనుక, దృశ్యం 1863నాటిదైనా చేతిలోని ప్రింటు ఏళ్ల తరువాతిది కావచ్చు. ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే.

వెనుక పన్ను కట్టినట్టు చూపే రెవెన్యూ స్టాంపు ఉంటే దాని రద్దు గుర్తు (మళ్లీ వాడకుండా స్టాంపుపై గీసిన లేదా ముద్రించిన గుర్తు) అట్ట మీదికి కూడా సాగిందేమో చూడాలి. ఫొటోలపై ఆ పన్ను 1864 సెప్టెంబరు నుంచి 1866 ఆగస్టు వరకే ఉండేది. అయితే స్టాంపును తరువాత అతికించడం కష్టమేమీ కాదు, అందుకే ఆ గుర్తును చూడాలి.

నేపథ్యంలో రెజిమెంట్ల రాతి స్మారకాలు కనిపిస్తే అది యుద్ధకాలపు చిత్రం కాదు. వాటిలో అత్యధికం 1880ల నుంచి వెలిసినవే.

భూతద్దం వెంట ఉంచుకోవాలి. చుక్కలు కనిపిస్తే అది అసలు ఫొటో కాదు, అచ్చుయంత్రపు ముద్రణే.

మరకలను తడిగుడ్డతో తుడవవద్దు, ఎందుకంటే ఆల్బుమెన్ పొర, అంటే గుడ్డు తెల్లసొన పూత, తడికి పాడవుతుంది.