నైట్రో ట్రక్కు పాఠాలు – 5: ఇంజన్ మార్చారు సరే, ఫెయిల్‌సేఫ్ మళ్లీ సెట్ చేశారా?

పోయిన పాఠంలో మన నైట్రో ట్రక్కుకి (నైట్రోమీథేన్ కలిపిన ఇంధనంతో నడిచే చిన్న రిమోట్ బండి) 2.5 సీసీ ఇంజన్ తీసి 3.5 సీసీ ఇంజన్ బిగించాం. ఆ తర్వాత మీరు రాసినవాటిలో చాలావరకు ఒకటే గోడు: బండి మాట వినట్లేదు. ట్రిగ్గర్ వదిలినా హోరు తగ్గట్లేదని కొందరు, రిమోట్ ఆపేస్తే బండి ఇంకా వేగంగా పోయిందని కొందరు. అందుకే ఈసారి చెప్పాలనుకున్న క్లచ్ పాఠం పక్కన పెడుతున్నాను.

ఈ రెండూ వేర్వేరు జబ్బులు. మొదటిది త్వరగా తేలిపోతుంది. ఇంజన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ తీసి కార్బురేటర్ నోట్లోకి చూడండి. ట్రిగ్గర్ వదిలినప్పుడు సందు మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉండాలి. అలా మూసుకుంటున్నా ఇంజన్ అరుస్తూనే ఉందంటే ఎక్కడినుంచో దొంగ గాలి పోతోంది. వెనక మూత గాస్కెట్, కార్బురేటర్ మెడ దగ్గరి రబ్బరు రింగు, ఇంధన గొట్టంలో సన్నటి చిల్లు, ఈ వరుసలో వెతకండి. ఐడిల్ స్క్రూ (ట్రిగ్గర్ వదిలినప్పుడు ఇంజన్ తిరిగే వేగాన్ని, అంటే ఐడిల్‌ని సర్దే మర) తిప్పి హోరు అణచొద్దు. లీకు అలాగే ఉంటుంది, మిశ్రమంలో ఇంధనం తగ్గి ఇంజన్ కాలిపోతుంది. ఈ ఇంజన్‌కి నూనె అందేది ఇంధనంలోంచే కదా.

ఇక రెండోది. రిమోట్ ఆపితే బండి వేగం ఎందుకు పెరుగుతుంది?

రిమోట్ సిగ్నల్ పోతే బండిని అదుపులో పెట్టే ఏర్పాటే ఫెయిల్‌సేఫ్. దానికి ఐడిల్ అంటే ఏమిటో, బ్రేక్ అంటే ఏమిటో తెలియదు. సెట్ చేసిన క్షణంలో సర్వో (కార్బురేటర్‌ని, బ్రేక్‌ని కదిపే చిన్న మోటారు) చెయ్యి ఎక్కడుందో ఆ చోటు మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. సిగ్నల్ పోగానే చేతిని అక్కడికి తీసుకెళ్తుంది. పాత ఇంజన్‌కి ఆ చోటు సరిగ్గా ఐడిల్. కొత్త కార్బురేటర్‌లో గాలి దారిని తెరిచి మూసే స్లైడ్ పొడవు వేరు, దాన్ని సర్వోకి కలిపే లింకేజీ కడ్డీ తగులుకునే చోటు వేరు. కడ్డీ పొడవు సరిచేయకుండా రిమోట్‌లో థ్రాటిల్ ట్రిమ్ తిప్పి సర్దుకున్నారు మీలో చాలామంది. దాంతో న్యూట్రల్ (ట్రిగ్గర్ వదిలినప్పుడు సర్వో నిలిచే చోటు) కొత్త చోటికి జరిగింది, రిసీవర్ (బండిలో సిగ్నల్ అందుకునే పెట్టె) గుర్తుపెట్టుకున్నది పాత చోటు. ఆ పాత చోట కొత్త కార్బురేటర్ పావు వంతు తెరుచుకుని ఉంటుంది. రిమోట్ ఆపగానే బండి పరుగెత్తింది అందుకే. చెప్పిన పని చెప్పినట్టే చేసింది పాపం.

ట్రిమ్‌తో సర్దుకోవడమంటే నాకు అస్సలు గిట్టదు. ట్రిమ్ సున్నా మీద పెట్టండి. సర్వో చెయ్యి కడ్డీకి లంబంగా ఉండేలా బిగించండి. కడ్డీ మీది కాలర్లు (బిగింపు రింగులు) జరిపి కార్బురేటర్ సందు కుదర్చండి. ఫెయిల్‌సేఫ్ సెట్ చేసేది ఆ తర్వాతే. నేను ఐడిల్ దగ్గర ఆపను, సగం బ్రేక్ పెడతాను. పూర్తి బ్రేక్ పెడితే వేగంలో చక్రాలు బిగుసుకుని బండి తిరగబడొచ్చు. కొన్ని రిసీవర్లు సెట్ చేయకపోతే సిగ్నల్ పోయినప్పుడు చివరి స్థానాన్నే పట్టుకుని కూర్చుంటాయి. అంటే నిండు థ్రాటిల్‌లో సిగ్నల్ పోతే నిండు థ్రాటిలే.

ఇంత చేసినా ఒక దారి తెరిచే ఉంటుంది. ఫెయిల్‌సేఫ్ ఉండేది రిసీవర్‌లో. రిసీవర్ బ్యాటరీ అయిపోతే, లేదా వైరు ఊడితే, ఫెయిల్‌సేఫ్ కూడా లేనట్టే. సర్వో ఎక్కడుందో అక్కడే చచ్చుబడుతుంది. నాలుగు పెన్సిల్ సెల్స్ పట్టే డబ్బాలు నేను వాడనివ్వను, నైట్రో ఇంజన్ అదురుకు వాటి స్ప్రింగులు వదులవుతాయి. టంకం వేసిన ఐదు సెల్స్ 6 వోల్టుల ప్యాక్ పెట్టండి. కార్బురేటర్‌కి రిటర్న్ స్ప్రింగ్ తగిలించండి. లింకేజీ ఊడితే అది కార్బురేటర్‌ని మూసేస్తుంది. కరెంటు లేని సర్వోను కూడా వెనక్కి లాగగలదా అన్నది స్ప్రింగ్ బలం, సర్వో గేర్ల బిగువు మీద ఉంటుంది. కాబట్టి నమ్మకండి, పరీక్షించండి.

30 శాతం నైట్రో ఇంధనం ఎప్పుడు పోయాలని అడిగారు. ఇప్పుడు కాదు. 20 శాతంతోనే ఉండండి. పెంచిన రోజున నీడిల్ (ఇంధనం పాళ్లు సర్దే మర) ఇంకాస్త తెరవాలి, చాలా ఇంజన్లకు హెడ్ కింద అదనంగా ఒక షిమ్ (పలచటి లోహపు రింగు) కూడా వేయాలి.

ఈ వారం అభ్యాసం ట్యాంకులో చుక్క ఇంధనం లేకుండా చేయాలి. చక్రాలు నేలకు తగలకుండా బండిని స్టాండు మీద ఎత్తండి, ఫిల్టర్ తీయండి. సగం థ్రాటిల్‌లో రిమోట్ ఆపండి. నిండు థ్రాటిల్‌లో ఆపండి. తర్వాత రెండు స్థానాల్లోనూ రిసీవర్ బ్యాటరీ ప్లగ్ పీకండి. ప్రతిసారీ కార్బురేటర్ సందు, బ్రేక్ పట్టు రాసుకోండి. ఒక్కోటి పదిసార్లు. పదిలో ఒక్కసారి తప్పినా లింకేజీ దగ్గరికి వెళ్లి మొదటినుంచీ చేయండి.

అది కుదిరాక ఇంజన్ ఆపడం సాధన చేయండి, ఇదీ ఇంధనం లేకుండానే. దళసరి గ్లౌజ్ వేసుకుని, మడిచిన గుడ్డతో సైలెన్సర్ చివర మూయాలి. ఇంధన గొట్టం నొక్కితే ఆగడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది, ఆ లోపు మిశ్రమం పలచబడి హోరు ఇంకా పెరుగుతుంది. కాబట్టి చెయ్యి ముందు సైలెన్సర్‌కే వెళ్లాలి. బండి ఏ పక్కకు పడి ఉన్నా తడుముకోకుండా అందుకునేదాకా చేయండి. గుద్దుకుని ట్యాంకు పగిలిన బండిని మాత్రం గబుక్కున పట్టుకోవద్దు. మెథనాల్ మంట పగటి వెలుగులో దాదాపు కనిపించదు.

వచ్చే పాఠానికి మీ క్లచ్ బెల్‌కి (ఇంజన్ వైపు చిన్న గేరు), స్పర్ గేర్‌కి (అది తిప్పే పెద్ద గేరు) ఎన్నేసి పళ్లున్నాయో లెక్కపెట్టి ఉంచుకోండి.