నాటక రచన, ఆరో పాఠం: నసిగే పాత్రలతో తంటా

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం చాలామందిని ముంచింది. 1941 సెప్టెంబరులో, జర్మన్ సైన్యం చేతిలో ఉన్న డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌కి జర్మన్ భౌతికశాస్త్రవేత్త వెర్నర్ హైజెన్‌బర్గ్ వచ్చి, తన గురువులాంటి డేనిష్ భౌతికశాస్త్రవేత్త నీల్స్ బోర్‌ని కలిసిన సన్నివేశం రాయమన్నాను. ఈ భేటీ మీదే మైకేల్ ఫ్రేన్ 1998లో ‘కోపెన్‌హేగన్’ నాటకం రాశారు. ఆ రోజు ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఇప్పటికీ తేలలేదు, నాటకం నడిచేది ఆ అనిశ్చితి మీదే. ఈసారి రంగాలంకరణ చెబుతానన్నాను గానీ, అది వచ్చే పాఠానికి. ముందు ఈ చిక్కు విప్పాలి.

మీ హైజెన్‌బర్గ్ తల పట్టుకుని ‘నేనెందుకొచ్చానో నాకే తెలీదండీ’ అంటున్నాడు. బోర్ ‘ఏమోనయ్యా, నాకూ సరిగ్గా గుర్తులేదు’ అంటున్నాడు. ఇద్దరూ చేతులెత్తేశాక చూసేవాడికి పనేముంది? లేచి టీకి పోతాడు.

అనిశ్చితి మీద నాటకం కాబట్టి పాత్రలు నసగాలనుకోవడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అనిశ్చితి పాత్ర లోపల కాదు, రెండు పాత్రల మధ్య ఉండాలి. ఎవరి మటుకు వాళ్లు ఖాయంగా చెప్పాలి.

అసలు చరిత్రే అలా ఉంది. యుద్ధమయ్యాక హైజెన్‌బర్గ్ ఒక ఉత్తరంలో రాసుకున్నది: రాత్రిపూట నడుస్తూ మాట్లాడుకున్నాం, యుద్ధ సమయంలో భౌతికశాస్త్రవేత్తలు యురేనియం (అణ్వాయుధాలకి ముడిసరుకు) మీద పనిచేయడం న్యాయమేనా అని అడిగాను. దానికి జవాబుగా బోర్ రాసి, పంపకుండా దాచుకున్న చిత్తుప్రతులు 2002లో బయటికొచ్చాయి. వాటిలో: మాట్లాడుకున్నది మా పరిశోధన సంస్థలోని నా గదిలో. జర్మనీ గెలుస్తుందన్నావు, నీ నాయకత్వంలో అణ్వాయుధాల కోసం అక్కడ అన్నీ జరుగుతున్నాయన్న అభిప్రాయం కలిగించావు.

చోటు కూడా కలవలేదు చూడండి! వీధిలో నడకా, గదిలో కూర్చోవడమా? ఎవరి కథ వాళ్లదే.

ఇలా రాయండి:

హైజెన్‌బర్గ్: ఇది చేయడం న్యాయమేనా అని అడిగానండీ.
బోర్: నువ్వు అడగలేదు. చెప్పావు.

రెండే లైన్లు, టెన్షన్ వచ్చేసింది. ఎవరిది నిజమో రచయిత తేల్చక్కర్లేదు. బోర్ ‘నువ్వు’ అనడం నా ఇష్టం. పదహారేళ్లు పెద్దవాడు మరి. కోపం ముదిరిన చోట బోర్‌ చేత ‘మీరు’ అనిపిస్తాను, అరుపులు దండగ.

సగం మంది మార్గరెతెతో కాఫీ తెప్పించి లోపలికి పంపేశారు. ఘోరం. బోర్ చెబుతుంటే ఆయన రాతపనిలో సాయపడిన భార్య ఆమె. ఫిజిక్స్ గోల ఎక్కువైనప్పుడు ‘మార్గరెతెకి అర్థమయ్యేలా చెప్పు’ అనిపించండి, ప్రేక్షకుడికీ అర్థమవుతుంది. ఫ్రేన్ వాడిన చిట్కా కూడా ఇదే. పైగా భర్త మర్చిపోయింది ఆమెకు గుర్తుంటుంది.

అభ్యాసం: అదే సంభాషణను రెండుసార్లు, ఒక్కోటీ ఒక పేజీలో రాయండి. ఒకటి వీధిలో, హైజెన్‌బర్గ్ చెప్పినట్టు. రెండోది గదిలో, బోర్ చెప్పినట్టు. మూడు డైలాగులు రెండింటిలోనూ అక్షరం మారకుండా ఉండాలి, కానీ అర్థం తిరగబడాలి. ‘బాంబు’ అనే మాట ఎక్కడా రాకూడదు. ‘ఏమో’ కనిపిస్తే ఆ పేజీ నేను చదవను.