నవంబర్‌లో మన టీమ్‌ది బలుపా వాపా? కాలేజీ బాస్కెట్‌బాల్ చూసేవాళ్ళకి ఒక గైడు

నవంబర్ మొదటి వారంలో అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ సీజన్ మొదలవుద్ది, ఇంకో పది రోజులు తిరక్కముందే మా రూమ్‌లో రెండు పార్టీలు రెడీ. నాలుగుకి నాలుగు గెలిచాం, ఈసారి ఫైనల్ ఫోర్ (టోర్నమెంట్‌లో చివరికి మిగిలే నాలుగు టీములు) ఖాయం అనే పార్టీ ఒకటి, ఐదోది ఓడగానే కోచ్‌ని పీకేయాలి అనే పార్టీ ఇంకోటి. చిత్రం ఏంటంటే రెండింట్లోనూ ఉండేది అదే మనుషులు. నేనూ అంతే, ఎమ్మెస్‌కి వచ్చిన కొత్తలో స్టూడెంట్ సెక్షన్‌లో గొంతు పోయేలా అరిచి, ఎవరో ఊరూపేరూ లేని టీమ్‌ని చితక్కొడితే అది చూసి మూడు నెలలు గొప్పలు పోయి, తీరా మార్చిలో జాతీయ టోర్నమెంట్ బ్రాకెట్ (ఎవరు ఎవరితో ఆడాలో చెప్పే పట్టిక) వచ్చాక 68 టీముల్లో మా పేరు కోసం రెండుసార్లు వెతుక్కున్నా. వాపుని చూసి బలుపు అనుకోవడం అంటే ఇదే. అప్పట్నుంచి మొదటి ఎనిమిది పది మ్యాచ్‌లకి ఒక పద్ధతి పెట్టుకున్నా, అదే ఇక్కడ రాస్తున్నా. మగవాళ్ళ డివిజన్ వన్ (కాలేజీ ఆటలో పై స్థాయి) గురించే రాస్తున్నా, అమ్మాయిల గేమ్‌లో నాలుగు క్వార్టర్లు ఉంటాయి కాబట్టి కొన్ని మారతాయి.

ముందు స్కోరు కాదు, ఎవరితో ఆడారో చూడండి. నవంబర్‌లో పెద్ద టీములు ఇంట్లో ఆడేవాటిలో చాలావరకు బై గేమ్‌లే, అంటే చిన్న కాలేజీకి డబ్బులిచ్చి మరీ పిలిపించుకుని ఆడే మ్యాచ్‌లు. వాళ్ళకి బడ్జెట్ గడుస్తుంది, మనకి ఒక గెలుపు వస్తుంది, ఇద్దరూ హ్యాపీ. అలాంటి మ్యాచ్‌లో 35 తేడాతో గెలిచారని పండగ చేసుకోకండి, పైగా అవతలిది డివిజన్ వన్ టీమే కాకపోతే ఆ మ్యాచ్ నెట్ ర్యాంకింగ్ (టోర్నమెంట్‌కి టీముల్ని ఎంచేటప్పుడు చూసే ర్యాంకింగ్) లెక్కలోకే రాదు. నేనైతే ఒక కాగితం మీద మూడు గడులు గీస్తా, ప్రత్యర్థి ఎవరు, వాళ్ళ కెన్‌పామ్ (టీముల బలాన్ని లెక్కగట్టే వెబ్‌సైట్) ర్యాంక్ ఎంత, ఆడింది ఇంట్లోనా బయటా న్యూట్రల్ కోర్టా. సొంత కోర్టు విలువ సుమారు మూడు పాయింట్లు అనుకోండి, కాబట్టి ఇంట్లో 4 తేడాతో గెలిచినదానికీ బయటికెళ్ళి 2 తేడాతో ఓడినదానికీ మధ్య కనపడేంత దూరం లేదు.

అలాగని బై గేమ్‌లో ఓడితే ఆకాశం ఊడిపడదు కూడా. 2019 నవంబర్ 12న కెంటకీ నంబర్ వన్ ర్యాంక్‌లో ఉండి, సొంత రప్ ఎరీనాలో ఎవాన్స్‌విల్ చేతిలో 67-64తో ఓడింది. దేశమంతా నవ్వారు. ఆ కెంటకీయే ఆ ఏడాది ఎస్‌ఈసీ అనే తన కాన్ఫరెన్స్‌లో (కాలేజీల గ్రూపు, లీగ్ లాంటిది) రెగ్యులర్ సీజన్ గెలిచింది, ఆ ఎవాన్స్‌విల్ ఏమో తన కాన్ఫరెన్స్‌లో 18కి 18 ఓడింది. అంటే ఆ ఒక్క రాత్రి రెండు టీముల గురించీ అబద్ధమే చెప్పింది.

ఇప్పుడు లెక్క. భయపడకండి, ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు. 82 కొట్టాం అంటే అటాక్ బాగుంది అనుకుంటాం కానీ పరిగెత్తే టీమ్‌కి బంతి ఎక్కువసార్లు చేతికొస్తుంది, మెల్లగా ఆడే టీమ్‌కి తక్కువసార్లు వస్తుంది, కాబట్టి పాయింట్లని పొజెషన్లతో, అంటే బంతి చేతికొచ్చిన విడతలతో, భాగించాలి. పొజెషన్లు ఎలా అంటే వేసిన షాట్లలోంచి అఫెన్సివ్ రీబౌండ్లు (మన షాట్ పడకపోతే మళ్ళీ మనమే అందుకున్నవి) తీసేసి, టర్నోవర్లు (షాట్ వేయకుండానే పోగొట్టుకున్న బంతులు) కలిపి, ఫ్రీ త్రోలని (ఫౌల్ అయితే అడ్డు లేకుండా వేసే ఒక్క పాయింట్ షాట్లు) 0.475తో గుణించి అదీ కలపాలి, అంతే. ఊరికే ఒక మ్యాచ్ అనుకుందాం, మనవాళ్ళు 60 షాట్లు వేశారు, 10 అఫెన్సివ్ రీబౌండ్లు, 12 టర్నోవర్లు, 20 ఫ్రీ త్రోలు. 60లోంచి 10 పోతే 50, దానికి 12 కలిపితే 62, ఫ్రీ త్రోల వాటా 9.5 కూడా కలిపితే 71.5. పాయింట్లు 82 కాబట్టి పొజెషన్‌కి 1.15 దాకా వచ్చింది. అవతలివాళ్ళు కూడా దాదాపు అన్నే పొజెషన్లలో 70 కొట్టారు, అంటే 0.98. దేశం మొత్తం మీద సగటు ఒకటి దాటి కాస్త పైన ఉంటుంది కాబట్టి రెండు వైపులా సూపర్ అనిపిస్తుంది కదా. ఆగండి.

అసలు గొడవంతా ఇక్కడే ఉంది. ఆ 82లో 18 ఫ్రీ త్రోలవి, 20 వేస్తే 18 పడ్డాయి. రోజూ పడతాయా? కాలేజీలో మామూలుగా నూటికి 72 చుట్టూ పడతాయి, ఆ లెక్కన మనకి రావాల్సింది 14 చిల్లర. అవతలివాళ్ళేమో 25 త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేస్తే 5 పడ్డాయి, మామూలుగా నూటికి 34 దాకా పడేవి, అంటే 8 పైనే పడాల్సింది. మన దగ్గర ఒక మూడున్నర పాయింట్లు తీసేసి వాళ్ళకి ఒక పది కలిపి చూడండి, 82-70 కాస్తా 78-80 అయిపోయింది. గెలిచిన మ్యాచ్ ఓడిపోయాం! ఇది మోటు లెక్కే, పడని షాట్ల రీబౌండ్లు గట్రా ఇందులో లేవు, కానీ మ్యాచ్ చూసి ఇంటికొచ్చే దారిలో చేసుకోవడానికి ఇంతకంటే మంచి లెక్క నాకు దొరకలేదు. ఓడిన మ్యాచ్‌కి కూడా ఇదే చేయండి, చాలాసార్లు మనసు కుదుటపడుతుంది.

అవతలివాళ్ళ ఫ్రీ త్రోని మన డిఫెన్స్ ఆపలేదు, బుట్ట వెనకాల స్టూడెంట్లు ఎంత గంతులేసినా సరే (వేయండి, నేనూ వేశా). వాళ్ళ త్రీ పాయింట్ శాతం మీద కూడా మన డిఫెన్స్ చేతుల్లో ఉండేది తక్కువే, అసలు వాళ్ళని అక్కడి నుంచి ఎన్ని వేయనిస్తున్నాం అన్నదే మన చేతుల్లో ఎక్కువ. కాబట్టి నవంబర్‌లో ఎవరైనా మా డిఫెన్స్ త్రీలు పడనివ్వట్లేదు అంటే నేను ఒకటే అడుగుతా, వేయనివ్వట్లేదా, లేక వేసినవి పడట్లేదా? మొదటిదైతే బలుపు, రెండోదైతే వాపు.

మరి దేన్ని నమ్మాలి అంటే బాస్కెట్‌బాల్ లెక్కలు కట్టే డీన్ ఆలివర్ అనే ఆయన చెప్పిన నాలుగు ఫ్యాక్టర్లు ఉన్నాయి, షూటింగ్, టర్నోవర్లు, అఫెన్సివ్ రీబౌండింగ్, ఫ్రీ త్రో లైన్‌కి ఎంత తరచుగా వెళ్తున్నాం అనేది. ఆయన లెక్కలో వాటి బరువులు 40, 25, 20, 15. వీటిలో షూటింగే పెద్దది, షూటింగే సీజన్ మొదట్లో ఎక్కువ ఊగేది, అందుకే నేను మొదటి నెల మిగతా మూడింటి మీదే ఎక్కువ కన్నేసి ఉంచుతా. టర్నోవర్లు, రీబౌండ్లు, ఫౌల్స్ ఇవన్నీ అలవాట్ల లాంటివి, చిన్న టీమ్ మీద బంతి పారేసుకునేవాళ్ళు పెద్ద టీమ్ మీద పడి ప్రెస్ చేస్తే ఇంకా పారేసుకుంటారు. వంద పొజెషన్లకి 20 దాటి టర్నోవర్లు అవుతుంటే రికార్డు ఎంత బాగున్నా నాకు నిద్ర పట్టదు.

రోస్టర్, అంటే టీమ్‌లో ఎవరెవరున్నారు అన్న సంగతి. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళు పేరు పెట్టుకునే జాబితా) 2018 అక్టోబర్‌లో వచ్చింది, 2021 నుంచి ఒకసారి మారితే ఏడాది కూర్చోకుండా వెంటనే ఆడొచ్చన్నారు, 2024 నుంచి ఎన్నిసార్లు మారినా అంతే. అదే 2021లో ఎన్‌ఐఎల్ డబ్బులు (తమ పేరు, బొమ్మ వాడుకున్నందుకు ఆటగాళ్ళకి వచ్చేవి) కూడా మొదలయ్యాయి. దాంతో పోయిన ఏడాది టీమ్‌కీ ఈ ఏడాది టీమ్‌కీ జెర్సీ రంగు తప్ప సంబంధం లేకుండా పోతోంది కొన్నిచోట్ల. పోయిన ఏడాది మేము బాగా ఆడాం అనే వాదన ఎత్తేముందు ఆ ఆడినవాళ్ళలో ఎంతమంది మిగిలారో చూడండి. మిగిలినా గ్యారంటీ లేదనుకోండి, నార్త్ కరోలినా 2022లో ఫైనల్ దాకా వెళ్ళి, ఐదుగురు స్టార్టర్లలో నలుగురు తిరిగొచ్చి, తర్వాతి సీజన్‌ని ఏపీ పోల్‌లో నంబర్ వన్‌గా మొదలుపెట్టింది (ఏపీ అంటే మన ఏపీ కాదు, అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ, విలేకర్ల ఓట్లతో ర్యాంకులిస్తుంది). మొదటి ఐదూ గెలిచి తర్వాత వరసగా నాలుగు ఓడింది, చివరికి టోర్నమెంట్‌కే రాలేదు. 1985లో టోర్నమెంట్ 64 టీములకి పెరిగాక ప్రీసీజన్ నంబర్ వన్‌కి అలా జరగడం అదే మొదటిసారి. ఆ వెళ్ళిపోయిన ఒక్కడూ బ్రేడీ మానెక్, బయట నుంచి త్రీలు కొట్టేవాడు. ఎంతమంది తిరిగొచ్చారు అనేదానికన్నా ఏ పని చేసేవాడు రాలేదు అన్నది ముఖ్యం అని నాకు అప్పుడు అర్థమైంది.

కంటితో చూడటానికి ఒక చిట్కా. రెండు 20 నిమిషాల హాఫ్‌లలో గడియారం 16, 12, 8, 4 నిమిషాల కిందికి దిగాక బంతి మొదటిసారి ఆగినప్పుడు మీడియా టైమౌట్ (టీవీ యాడ్‌ల విరామం) వస్తుంది, అందరూ ఫోన్ తీసే టైమ్ అది. మీరు మాత్రం అప్పటి స్కోరు, కోర్టులో ఉన్న ఐదుగురి నంబర్లు రాసుకోండి. మూడు నాలుగు మ్యాచ్‌లయ్యాక భలే సంగతులు బయటపడతాయి, ప్రతి మ్యాచ్‌లో ఫలానా ముక్కలోనే మనం వెనకబడుతున్నాం, అప్పుడల్లా మెయిన్ పాయింట్ గార్డ్ (బంతి నడిపించేవాడు) బెంచ్ మీదే ఉన్నాడు అని. చివరి 4 నిమిషాల్లో దగ్గరి మ్యాచ్‌లో కోచ్ ఎవర్ని దింపాడో అదే ఆయన అసలు టీమ్, ప్రెస్ మీట్‌లో చెప్పేది కాదు. 20 తేడా ఉన్నప్పుడు చివర్లో వాకాన్‌లు (స్కాలర్‌షిప్ లేకుండా టీమ్‌లో ఉండేవాళ్ళు) వచ్చి ఇచ్చుకున్న పాయింట్లు మాత్రం లెక్కలోంచి తీసేయండి, లేకపోతే డిఫెన్స్ నంబర్లు పాడైపోతాయి. ఇంకోటి, బంతి పోగానే వెనక్కి ఎవరు పరిగెడుతున్నారు ఎవరు రిఫరీ వైపు చేతులు చాపి నిలబడుతున్నారు, ఇది టీవీలో కనపడదు, పై వరసలో కూర్చుంటే బాగా కనిపిస్తుంది, చౌక టికెట్‌కి ఉన్న ఒకే ఒక లాభం.

థ్యాంక్స్‌గివింగ్ వారం టోర్నమెంట్లు వస్తాయి, హవాయిలోని మావీ, బహామాస్ అలాంటిచోట్ల. న్యూట్రల్ కోర్టు, రోజుల గ్యాప్ లేకుండా మ్యాచ్‌లు, ప్రత్యర్థి గురించి చదువుకునే టైమ్ ఉండదు కాబట్టి మార్చికి కాస్త దగ్గరగా ఉండేది ఇదే. అయినా ఒక్కదానితో తేల్చేయకండి. యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) 2022 నవంబర్‌లో పోర్ట్‌లాండ్‌లో టోర్నమెంట్ గెలిచి, మొదటి 14 మ్యాచ్‌లూ గెలిచి, ఆ తర్వాత 8లో 6 ఓడింది, పని అయిపోయింది అన్నారు, ఏప్రిల్‌లో కప్పు కొట్టింది. అదే యూకాన్ వరసగా రెండు టైటిళ్ళ తర్వాత 2024 నవంబర్‌లో మావీ వెళ్ళి మూడుకి మూడు ఓడింది, మార్చిలో 8వ సీడ్‌గా (సీడ్ అంటే టోర్నమెంట్‌లో ఇచ్చే ర్యాంక్, 1 అయితే అన్నిటికన్నా బలమైనది) వచ్చి రెండో రౌండ్‌లో ఇంటికెళ్ళింది. మొదటిసారి నవంబర్ నిజం చెప్పింది జనవరి అబద్ధం చెప్పింది, రెండోసారి నవంబరే నిజం. తేడా ఎక్కడ అంటే మావీలో డిఫెన్స్, ఫౌల్స్ బాగోలేవు, అవి సీజనంతా అలాగే సాగాయి.

నెట్ ర్యాంకింగ్ డిసెంబర్ మొదట్లో వస్తుంది, రాగానే ఎగబడకండి. అందులో పోయిన ఏడాది లెక్కలేమీ ఉండవు, ఆడిన కాసిని మ్యాచ్‌లే. 2018లో మొదటి లిస్టు వచ్చినప్పుడు ఒహైయో స్టేట్ నంబర్ వన్, మార్చికి అది 11వ సీడ్. కెన్‌పామ్‌లో అయితే ప్రీసీజన్ అంచనా కూడా కొన్నాళ్ళు కలిపి ఉంచుతారు కాబట్టి అంత ఊగదు, మొదటి రెండు నెలలు నేను దాన్నే చూస్తా. నెట్ ర్యాంకుల్ని బట్టి మ్యాచ్‌లని నాలుగు క్వాడ్‌లుగా విడదీస్తారు, అన్నిటికన్నా కష్టమైన క్వాడ్ వన్ అంటే ఇంట్లో 1 నుంచి 30, న్యూట్రల్‌లో 1 నుంచి 50, బయట 1 నుంచి 75 ర్యాంక్ టీములతో ఆడినవి, ఆ ర్యాంకులు రోజూ మారతాయి కాబట్టి ఇవాళ్టి క్వాడ్ వన్ గెలుపు ఫిబ్రవరిలో క్వాడ్ టూ అయిపోవచ్చు. మన చేతిలో ఓడినవాళ్ళు తర్వాత గెలవాలని దండం పెట్టుకోవడం ఇందుకే, మా ఫ్రెండ్ ఒకడు దీనికోసం సంబంధం లేని మ్యాచ్‌లు రాత్రి పన్నెండు దాకా చూస్తాడు.

చివరగా, క్రిస్మస్ ముందు, కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు పూర్తిగా మొదలవకముందు, మీ అంచనా నాలుగు లైన్లలో రాసి డేట్ వేసి దాచండి, తర్వాత నేను ముందే చెప్పా అనడానికి వీల్లేకుండా. నాది ఈసారి ఇదీ, రీబౌండింగ్ నిజం, త్రీలు గాలివాటం, రెండో పాయింట్ గార్డ్ లేడు, కాన్ఫరెన్స్‌లో బయట ఆడే మొదటి మూడింట్లో ఒకటి గెలిస్తే చాలు. మా రూమ్మేట్ కాగితంలో మాత్రం ఫైనల్ ఫోర్ అని ఒక్క మాటే ఉంది, అది కూడా ఎర్ర పెన్నుతో.