క్యుపర్టినోలో ఉంటున్నారా? ఊరి చరిత్ర ఒక క్వార్టర్‌లో చదవొచ్చు

కాలిఫోర్నియాలోని బే ఏరియాకి (శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఊళ్లకి) వచ్చి స్థిరపడిన మనవాళ్లకి ఒక మాట. మీరున్న నేల కథ తెలుసుకోవాలంటే క్యుపర్టినోలోని డిఆంజా కాలేజీలో కాలిఫోర్నియా చరిత్ర కోర్సు ఏ క్వార్టర్‌లో (సుమారు మూడు నెలల టర్మ్‌లో) ఉందో చూసి చేరండి. కాలిఫోర్నియా రెసిడెంట్లకు ఎన్‌రోల్‌మెంట్ ఫీజు యూనిట్‌కి 31 డాలర్లు, పైన చిన్నా చితకా ఫీజులు. డిగ్రీ కోసమే చదవాలని లేదు. హైస్కూల్ పిల్లలు కూడా స్కూల్ అనుమతి తీసుకుని చేరొచ్చు.

ఆ క్యాంపస్‌లోనే, ల పెటీ ట్రియనాన్ అనే పాత భవనంలో, కాలిఫోర్నియా హిస్టరీ సెంటర్ ఉంది. పేపర్ రాయాల్సి వస్తే గోల్డ్ రష్ (బంగారం కోసం జనం ఎగబడి వచ్చిన కాలం) లాంటి పెద్ద టాపిక్ జోలికి పోకండి. మీ వీధినే తీసుకోండి. శాన్‌బోర్న్ కంపెనీ అగ్నిప్రమాద బీమా కోసం గీసిన పాత పట్టణ మ్యాపులు వెతకండి. రంగుల ప్రతుల్లో ఇటుక కట్టడం గులాబీ రంగులో, చెక్క కట్టడం పసుపులో ఉంటుంది. ఎక్కడ గోడౌన్ ఉండేదో, ఎక్కడ పండ్లు ఎండబెట్టేవారో ఇంటి నంబరుతో సహా దొరుకుతుంది. ఊరి బయటి తోటలకైతే పాత ఏరియల్ ఫొటోలు మేలు. ఇప్పుడు ఆఫీసులున్న చోట ఆప్రికాట్, ప్రూన్ చెట్ల వరసలు కనిపిస్తాయి.

1913 నాటి కాలిఫోర్నియా ఏలియన్ ల్యాండ్ లా గురించి మాత్రం తప్పకుండా చదవండి. అమెరికా పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు ఇక్కడ వ్యవసాయ భూమి కొనకూడదన్న చట్టం అది. ముఖ్యంగా జపాన్ రైతులను ఉద్దేశించి తెచ్చిన ఆ చట్టం, భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత భారతీయ రైతులకూ వర్తించింది. ఇక్కడ ఇల్లు కొనుక్కున్న ప్రతి తెలుగు కుటుంబం తెలుసుకోవాల్సిన విషయం ఇది.